నల్లరేగడిలో సీతాశోకం

నేను ఉద్యోగంలో చేరేనాటికి నాకు మొక్కల పేర్లు చాలా తెలుసు. డిగ్రీలో వృక్షశాస్త్రం చదివాను. ఆకు చేతికిస్తే అది ఏ కుటుంబానిదో చెప్పేసేదాన్ని. మొక్కను బతికించడం మాత్రం ఎవరూ నేర్పలేదు. అది నేర్చుకోవడానికి ముప్పై ఏళ్ల పైన పట్టింది. ఆ పాఠాల్లో సగం ఒకే చెట్టు దగ్గర నేర్చుకున్నాను. నర్సరీల్లో కొత్తగా చేరుతున్న పిల్లల కోసం ఆ చెట్టు సంగతి రాస్తున్నాను. ప్రమోషన్లూ బదిలీలూ మీకు ఎలాగూ వస్తాయి, వాటి గురించి నేను చెప్పేదేమీ లేదు.

మా ప్రభుత్వ నర్సరీ గుంటూరు నుంచి ఒంగోలు వెళ్లే దారిలో, మార్టూరుకు కాస్త ఇవతల ఉండేది. చుట్టూ పత్తి, మిరప. నేల నల్లరేగడి. ఎండాకాలంలో పగుళ్లలోకి చెయ్యి దూరేది. వానాకాలంలో అదే నేలలో కాలు దిగబడితే చెప్పు పైకి వచ్చేది కాదు. ఆ నేలకు తగ్గ మొక్కలే పెంచేవాళ్లం: వేప, కానుగ, నిద్రగన్నేరు, సుబాబుల్. ఏటా అవే సంచులు, అవే మడులు. కొత్త మొక్క కావాలని అడిగేవాళ్లు కూడా అరుదు.

రెండు అశోకాలు

నేను చేరిన రెండో ఏడు తెనాలి నుంచి ఒక ఉత్తరం వచ్చింది. రాసినాయన ఆయుర్వేద వైద్యులు, శాస్త్రిగారు. తన దొడ్లో మందుమొక్కల తోట వేసుకుంటున్నాననీ, ఇరవై అశోక మొక్కలు కావాలనీ రాశారు. మా దగ్గర అశోక మొక్కలు వరసలుగా ఉన్నాయి. నిటారుగా, గొడుగు ముడిచి నిలబెట్టినట్టు పెరిగే రకం. కాలేజీల ముందూ, కల్యాణ మండపాల ముందూ మీరు రోజూ చూసే చెట్టే. వాటిలో మంచివి ఏరి, ఒక్కొక్కదానికీ నా చేతిరాతతో 'అశోకం' అని చీటీ కట్టి లారీలో పంపాను.

మూడు వారాల తర్వాత శాస్త్రిగారు బస్సు దిగి నర్సరీకి వచ్చారు. చేతిసంచిలో నేను పంపిన మొక్క ఒకటి ఉంది. మంచినీళ్లు తాగి, మొక్కను బల్ల మీద పెట్టి, "అమ్మా, ఇది నరమామిడి. దీన్ని ఊరంతా అశోకం అంటుంది. మీరు కూడా అంటే ఎలాగమ్మా?" అన్నారు.

ఆయన గొంతులో కోపం లేదు. ఒక పాత పుస్తకం తెరిచి, కాగితాల మధ్య ఎండబెట్టిన ఒక పూలగుత్తి చూపించారు. అసలు అశోకం అదన్నారు. కొందరు సీతాశోకం అంటారట. మా ప్రాంతంలో అంగళ్లలో అశోకపట్ట పేరుతో అమ్మేది చాలాసార్లు నరమామిడి బెరడేననీ, రక్తస్రావం తగ్గుతుందని ఆ కషాయం నెలల తరబడి తాగి, ఒంట్లో రక్తమంతా పోయాక తన దగ్గరికి వచ్చిన ఒకావిడ ముఖం ఇప్పటికీ కళ్లముందు ఉందనీ చెప్పారు. నేను క్షమించమన్నాను.

"క్షమాపణ నాకెందుకు? అసలు మొక్క తయారుచెయ్యండి, చాలు," అని లేచారు.

ఆ సాయంత్రం పుస్తకాలు తిరగేశాను. శాస్త్రజ్ఞులు అశోకాల ప్రజాతిని సరాకా అంటారు. అందులో ఉన్నవన్నీ వానలు దండిగా పడే అడవుల చెట్లూ పొదలూ. పెద్దచెట్ల నీడలో, వాగుల ఒడ్డున, ఆకులు కుళ్లి మెత్తబడిన నేలలో పెరుగుతాయి. కుటుంబం మాత్రం మనకు బాగా తెలిసినదే: చిక్కుడు, కంది, వేరుశనగల కుటుంబం. మా నర్సరీలో ఉన్న నరమామిడికీ దానికీ చుట్టరికమే లేదు. సీతాఫలం వైపు చుట్టం అది. డిగ్రీలో ఈ రెండు కుటుంబాలకూ తేడాలు రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. అయినా ఊరి వాడుక పేరు విని చీటీ కట్టేశాను. ఒక తప్పు చీటీ ఒక మనిషి కషాయం గిన్నె దాకా వెళ్లగలదన్న ఆలోచన నాకు అంతకుముందు రాలేదు.

పార్శిల్లో వచ్చిన విత్తనాలు

మా సూపరింటెండెంటు నరసింహంగారు. కోపిష్టి. కూలీల ముందే కేకలేసేవారు. ఆ అలవాటు నాకెప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ సమర్థించను. కానీ కత్తి పట్టుకుంటే ఆయన వేరే మనిషి. ఆయన కట్టిన మామిడి అంటు ఒక్కటి కూడా చచ్చిపోవడం నేను చూడలేదు.

సీతాశోకం పెంచుదామని అడిగితే, "ఈ నేలలోనా?" అని నవ్వి, సరే తెప్పించుకో అన్నారు. కర్ణాటకలో పడమటి కనుమల వైపున్న ఒక నర్సరీకి రాశాను. విత్తనాలు పార్శిల్లో వచ్చాయి. గుడ్డ సంచిలో, బాగా ఆరబెట్టి, చక్కగా కట్టి పంపారు. ఆరబెట్టి పంపమని రాసింది నేనే. కందులూ మినుములూ ఎండబెట్టి దాచుకునే ఊళ్లో పుట్టిన బుద్ధి అది. మడుల్లో విత్తి రోజూ నీళ్లు చల్లించాను. నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి. ఒక్క మొలక లేదు.

నరసింహంగారు మడి తవ్వి ఒక గింజ తీసి, అందరినీ పిలిచి, కత్తితో రెండు చెక్కలు చేశారు. లోపల గోధుమరంగు పొడి.

"అమ్మాయ్, నువ్వు విత్తింది విత్తనం కాదు, గులకరాయి," అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది. ఆ కోపంలో రిజిస్టరులో 'పంపినవారి విత్తనం నాసిరకం' అని రాసి సంతకం పెట్టాను. తర్వాత చదివి తెలుసుకున్నాను. అశోకం గింజ కందిగింజ లాంటిది కాదు, ఎండితే చచ్చిపోతుంది. చెట్టు నుంచి రాలిన కొద్ది రోజుల్లో తడి మీదే విత్తాలి. తప్పు పంపినవాళ్లది కాదు, ఎండబెట్టమన్న నాది. రిజిస్టరులో ఆ మాట దిద్దడానికి నాకు ఏడాది పట్టింది. ఈ వృత్తిలో చచ్చిపోయిన మొక్క పక్కన నిజమైన కారణం రాయగలగడమే అన్నిటికన్నా కష్టమైన పని. అక్కడ అబద్ధం రాస్తే మళ్లీ ఏడు మళ్లీ అదే మొక్కను అలాగే చంపుతాం.

మరుసటి ఏడు తొలకరికి సెలవు పెట్టి నేనే వెళ్లాను. ఆ నర్సరీ చూసే పెద్దాయనకు తెలుగు రాదు, నాకు కన్నడం అంతంతమాత్రం. వచ్చీరాని మాటల్లోనే ఆయన పేరు మీద నేను రాసిన నింద చెప్పుకున్నాను. ఆయనకు ఎంత అర్థమైందో తెలియదు గానీ నన్ను నేరుగా ఒక వాగు దగ్గరికి తీసుకెళ్లారు. నీడలో, రాళ్ల మధ్య, వేళ్లు నీళ్లను తాకుతూ నిలబడ్డాయి అశోకాలు. వెడల్పాటి చిక్కుడుకాయల్లా ఊదారంగు కాయలు పగిలి గింజలు రాలుతున్నాయి. వాటిని ఏరి, తడిపిన కొబ్బరిపొట్టులో వేసి, వెదురుబుట్టలో సర్దుకుని, రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. దిగిన రోజే విత్తాను. నాలుగో వారంలో మొలిచాయి.

ఇక్కడ ఇంకో పొరపాటు చేశాను, చెప్పడానికి సిగ్గేమీ లేదు. అశోకం కొత్త ఆకులు రాగిరంగులో, గుత్తులుగా, నీరసపడ్డట్టు కిందికి వేలాడతాయి. దాని స్వభావమే అంత. నేను అవి వాడిపోతున్నాయనుకుని పొద్దునా సాయంత్రం నీళ్లు పోయించాను. బంకమట్టి కలిసిన సంచుల్లో నీళ్లు నిలిచి, మొక్కల్లో మూడో వంతు వేరు కుళ్లి పోయాయి.

ఆకుతోట నుంచి వచ్చిన మాట

మిగిలిన మొక్కలకు ఎండాకాలం వచ్చింది. మన ఎండల సంగతి మీకు చెప్పక్కర్లేదు. తాటాకు పందిరి వేశాం. అయినా వడగాలికి ఆకుల అంచులు కాలిన కాగితంలా నల్లబడ్డాయి. మా బోరునీళ్లు ఉప్పగా ఉండేవి. వాటికి ఆకులు పసుపురంగుకు తిరిగాయి.

మా దగ్గర నాగేంద్రమ్మ అని ఒకావిడ కూలికి వచ్చేది. పుట్టిల్లు పొన్నూరు దగ్గర. వాళ్ల నాన్న తమలపాకు తోటల్లో పనిచేసేవాడు. ఆవిడ ఆ మొక్కల వైపు కొన్నాళ్లు చూసి, ఒకరోజు సంచులు సర్దుతూ అడిగింది.

"మేడంగారండీ, చల్లదనంలో పుట్టినదాన్ని తెచ్చి తాటాకుల కింద ఉడకబెడతన్నారేంటండీ?"

ఏం చెయ్యమంటావన్నాను. ఆకుతోటలో ఏం చేస్తారో అదే చెయ్యమంది. తమలపాకు తీగా ఇలాంటిదే, ఎండా పడదు, చీకటీ పడదు. అందుకే ముందు అవిశ గింజలు వరసలుగా వేస్తారట. నాలుగు నెలల్లో అవి మనిషిని మించి ఎదుగుతాయి. వాటి సన్నటి ఆకుల మధ్య నుంచి ఎండ జల్లెడ పట్టినట్టు దిగుతుంది. ఆ నీడలో తీగ పాకుతుంది. పైగా చెట్లు బతికున్నవి కాబట్టి కింద గాలి చెమ్మగా ఉంటుంది. ఎండిన తాటాకులకు ఆ గుణం లేదు.

నరసింహంగారికి చెబితే, "నర్సరీని ఆకుతోట చేస్తావా?" అన్నారు. మూడో రోజు పొద్దున వచ్చేసరికి ఆయనే నాగేంద్రమ్మను వెంటబెట్టుకుని, అవిశ వరసలకు తాళ్లు పట్టిస్తున్నారు. ఎంత ఎడం వెయ్యాలో ఆవిడ చెబుతోంది, ఆయన వింటున్నారు. ఆ మనిషి మీద నాకు గౌరవం కలిగిన రోజు అదే.

అవిశ కూడా చిక్కుడు కుటుంబమే. వేళ్ల మీది బుడిపెలతో నేలకు బలమిస్తుందని పుస్తకంలో నేనూ చదివాను. పుస్తకంలో ఉన్నదాన్ని మడి దగ్గరికి తెచ్చింది మాత్రం నాగేంద్రమ్మే. బోరునీళ్లు మానేసి కాలువ నీళ్లు పట్టి పోశాం. ఎర్రమట్టి, చివికిన ఆకు, పశువుల ఎరువు కలిపి సంచులు మార్చాం. అవిశ నీడ అందిన మరుసటి ఎండాకాలం కూడా దాటి పద్నాలుగు మొక్కలు బతికాయి. అందులో రెండు నేనే స్వయంగా తెనాలి తీసుకెళ్లి శాస్త్రిగారికి ఇచ్చాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, ఒక ఆకు తెంపి వాసన చూసి, "ఇది అదే," అన్నారు. ఉద్యోగంలో నాకు అందిన మెచ్చుకోళ్లలో నాకు గుర్తున్నది ఆ రెండు మాటలే.

మూడు తొట్ల రంగు

మిగిలినవాటిలో ఒకదాన్ని దగ్గరి ఊళ్లోని ఆడపిల్లల హైస్కూల్లో నాటాం. వంట గదికి తూర్పున, పొద్దున ఎండ తగిలి మధ్యాహ్నం గోడ నీడ పడే చోటు. నిలువెత్తు గొయ్యి తీసి, నల్లమట్టి అంతా తోడేసి, అడుగున కంకర, పైన ఎర్రమట్టి నింపాం. నీళ్లు నిలవకుండా మొక్కను కొంచెం దిబ్బ మీద పెట్టాం. రెండు పక్కలా అవిశలు వేశాం. అవి ముసలివైపోయేసరికి అశోకం తన కాళ్ల మీద తాను నిలబడింది.

ఎనిమిదో ఏట పూసింది. అశోకం పువ్వుకు రేకులుండవు, రక్షకపత్రాలే రంగు తొడుక్కుంటాయి. విచ్చిన రోజు పసుపు, తర్వాత నారింజ, చివరికి ఎరుపు. ఒకే గుత్తిలో మూడూ ఉంటాయి. కొమ్మల చివరలే కాదు, ముదురు కాండం మీద కూడా బెరడు చీల్చుకుని పూస్తుంది.

మా నాన్న చీరాలలో నేతపని చేసేవారు, నూలుకు రంగులద్దడంలో పేరున్నవారు. ఆయన్ని తీసుకొచ్చి చూపించాను. చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, "ఇది మూడు తొట్లలో ముంచి తీసిన రంగే. ఏ తొట్టి దగ్గర ఎప్పుడు ఆపాలో దీనికి తెలుసు, మాకే తెలియక చీరలు పాడుచేసుకునేవాళ్లం," అన్నారు. నేను మొక్కల ఉద్యోగంలో చేరినందుకు మొదట్లో ఆయనకు ఇష్టం ఉండేది కాదు. ఆ మధ్యాహ్నం తర్వాత ఎవరడిగినా, మా అమ్మాయి నర్సరీలో పెద్ద ఉద్యోగం చేస్తుందని చెప్పడం మొదలుపెట్టారు.

ఆ సంతోషంలోనే ఒక పని చేశాను. చెట్టు దగ్గర రేకు బోర్డు పాతించాను. పేరు, కుటుంబం, పుట్టిల్లు అన్నీ రాయించి, చివర పెద్ద అక్షరాలతో 'దీని బెరడు ఆడవారి రక్తస్రావానికి దివ్యౌషధం' అని చేర్చాను. పిల్లలు చదివి నేర్చుకుంటారనుకున్నాను.

బెరడు

ఆ తర్వాత చాలా ఏళ్లకు, మిరపకోతలు సాగుతున్న రోజుల్లో, ఒక ఉదయం స్కూలు అటెండరు ఫోన్ చేశాడు. వెళ్లి చూస్తే మోకాలి ఎత్తు నుంచి ఛాతీ ఎత్తు దాకా చెట్టు బెరడు లేదు. గొడ్డలితో గాట్లు పెట్టి ఊడదీశారు. తెల్లటి చెక్క గాలికి అప్పుడే ఎర్రబడుతోంది. వెనకవైపు రెండు వేళ్ల వెడల్పు పట్టీ మాత్రం మిగిలింది. ఆకులు తయారుచేసే ఆహారం కిందికి దిగేది బెరడులోంచే. చుట్టూ బెరడు తీస్తే వేళ్లు ఆకలితో చస్తాయి. ఆకులు కొన్నాళ్లు పచ్చగానే ఉంటాయి, అందువల్ల చెట్టు బాగానే ఉందని మోసపోతాం. వెనక మిగిలిన ఆ పట్టీ అంత చెట్టును ఎన్నాళ్లో పోషించలేదు.

బెరడు లేని చోటుకు ఎదురుగానే నా బోర్డు ఉంది. దానివైపు చూడలేకపోయాను.

నరసింహంగారు అప్పటికి రిటైరై చిలకలూరిపేటలో ఉంటున్నారు. ఫోన్ చేసి విషయం చెప్పాను. గాయం ఎండనివ్వకు, తడిగుడ్డ చుట్టు, వస్తున్నానన్నారు. మధ్యాహ్నానికి ఆటోలో దిగారు. జేబురుమాలులో చుట్టిన పాత కత్తి తెచ్చుకున్నారు. నాగేంద్రమ్మను కూడా నర్సరీ నుంచి పిలిపించాం.

వంతెన అంటు అంటారు దాన్ని. చెట్టు కొమ్మల నుంచే పెన్సిలంత పుల్లలు కోసి, రెండు చివరలా పలచగా చెక్కి, గాయానికి పైనున్న బెరడు కింద ఒక చివర, దిగువనున్న బెరడు కింద రెండో చివర దూర్చి కట్టాలి. అతికితే ఆ పుల్లల్లోంచే ఆహారం గాయం దాటి వేళ్లకు చేరుతుంది. మామిడికి చేశాను గానీ దీనికి చెయ్యలేదు, ఖాయమని చెప్పలేను అన్నారాయన. ఆయన చెక్కుతుంటే నేను దూర్చాను, నాగేంద్రమ్మ కట్టింది. రెండు రోజుల్లో ఏడు పుల్లలు కట్టాం. పైన మైనం పూసి, గాయమంతా ఎర్రమట్టీ పేడా కలిపి మెత్తి, గోనె చుట్టాం.

రెండో రోజు పని ముగిసేసరికి గేటు దగ్గర ఒకాయన నిలబడి ఉన్నాడు. నలభై ఏళ్లుంటాయి. చొక్కా మీదా కనుబొమ్మల మీదా తెల్లటి రాతిపొడి. మార్టూరులో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లో పని, పేరు కోటయ్య. చాలాసేపు చూసి, దగ్గరికి వచ్చి, "నేనేనండి తీసింది," అన్నాడు.

నాగేంద్రమ్మ ఆయన మీదికి లేచింది. నేనూ గట్టిగానే అన్నాను. ఇన్నేళ్ల చెట్టు, ఎలా చేతులొచ్చాయని అడిగాను. ఆయన తల వంచుకునే చెప్పాడు. భార్య ఆదిలక్ష్మికి మూడు నెలలుగా రక్తం ఆగడం లేదు. మిరపకోతకు వెళ్లి చేలో పడిపోయింది. ఎవరో అశోకపట్ట వాడమన్నారు. పెద్దకూతురు ఈ స్కూల్లో చదువుతుంది, ఆ చెట్టు మా బడిలోనే ఉందని చెప్పింది. వచ్చి చూశాడు.

"బోర్డు మీద రాసుందండి. గవర్నమెంటువాళ్లు రాశారంటే నిజమేగదా అనుకున్నాను. కషాయం కాచి పోస్తన్నానండి, తగ్గట్లేదండి."

నరసింహంగారు కత్తి తుడుచుకుంటూ నావైపు చూశారు. "ఆ బోర్డు ఎవరు రాయించారు?"

"నేనే సార్."

"అయితే ఈ చెట్టుకు ఇద్దరూ కలిసి నీళ్లు పొయ్యండి," అన్నారు. అంతే. కేకలెయ్యలేదు. ఆయన కేకలేసిన రోజులు నాకు అన్నీ గుర్తులేవు గానీ, ఆ రోజు మాత్రం మరిచిపోలేదు.

మర్నాడు ఉదయమే కోటయ్య ఇంటికి వెళ్లాను. ఆదిలక్ష్మి గోడకు చేరగిలపడి కూర్చుంది. పెదవులు సున్నం పూసినట్టున్నాయి. పెద్దాసుపత్రి అంటే భయమంది. అక్కడికి వెళితే ఏం చెబుతారోనని భయం. నేనూ వస్తానన్నాక లేచింది. ముగ్గురం గుంటూరు వెళ్లాం. అక్కడి డాక్టరమ్మ చూసి, గర్భసంచిలో గడ్డలున్నాయని, ఇంకో వారం ఆలస్యమైతే కష్టమయ్యేదని చెప్పింది. ముందు రక్తం ఎక్కించి, పది రోజుల తర్వాత ఆపరేషన్ చేశారు. ఆ పది రోజులూ నాది ఒకటే ఆలోచన. ఆమెకేమైనా అయితే నేను రాయించిన వాక్యానికి నేను ఏం సమాధానం చెప్పుకోవాలి?

ఆమె బతికింది. అశోకపట్ట గుణాల గురించి తీర్పు చెప్పేంత చదువు నాకు లేదు. అది వైద్యం చదివినవాళ్లు తేల్చాలి. నాకు తెలిసింది ఒక్కటే. రోగిని చూడకుండా మందు చెప్పే హక్కు రేకు బోర్డుకు లేదు, దాన్ని రాయించిన ఉద్యోగికి అసలే లేదు. మీరు బోర్డులు రాయించేటప్పుడు పేరూ ఊరూ రాయించండి, చాలు. ఆ వారమే ఆ చివరి వాక్యాన్ని నా చేత్తో చెరిపేశాను.

నీళ్లు పోసిన ఎండాకాలం

నరసింహంగారి మాట మేమిద్దరం అక్షరాలా పాటించాం. వారంలో మూడు రోజులు నేను, మిగతా రోజులు డ్యూటీ దిగాక కోటయ్య. బిందెతో కాలువ నీళ్లు తెచ్చి, మొదలుకు కాస్త ఎడంగా పోసేవాడు. గోనె ఎండిపోతే తడిపేవాడు. మొదట్లో నాతో మాట్లాడేవాడు కాదు, నేనూ కదిలించేదాన్ని కాదు. వైశాఖంలో ఒకరోజు తనే వచ్చి, పుల్లల మీద చిగురు మొటిమలు లేచాయని చెప్పాడు. పరుగున వెళ్లి చూశాను. ఏడింటిలో నాలుగు అతికాయి.

ఆ ఏడూ మరుసటేడూ పువ్వు లేదు. పై కొమ్మలు రెండు ఎండితే తీసేశాం. మూడో ఏడు మాఘంలో పూసింది. నరసింహంగారికి ఫోన్ చేస్తే వచ్చి, పువ్వుల వైపు చూడకుండా ముందు వంగి అతుకులు తడిమారు. నాలుగు పుల్లలూ అప్పటికి బొటనవేలంత అయ్యాయి. ఇప్పుడు మణికట్టంత ఉన్నాయి. చెట్టు నాలుగు చేతులతో తన గాయాన్ని తాను పట్టుకున్నట్టు కనిపిస్తుంది. స్కూలు పిల్లలు అది చెట్టు తీరే అనుకుంటారు.

నేను రిటైరయ్యేనాటికి మొక్కల పని చాలా మారింది. తుళ్లూరు వైపు రోడ్ల కోసం కాంట్రాక్టర్లు వచ్చి, ఎల్లుండికల్లా పదడుగుల మొక్కలు లారీకి ఎన్ని ఎక్కుతాయని అడిగేవారు. ఏ మొక్క అని చెప్పేవారు కాదు, ఎత్తు మాత్రమే చెప్పేవారు. వాళ్లను తప్పుపట్టను, వాళ్లకూ గడువులుంటాయి. మీరు మాత్రం ఆ మొక్కను ఎక్కడ నాటుతున్నారు, నీళ్లు ఎవరు పోస్తారు అని అడిగాకే లారీ ఎక్కించండి. అడిగినందుకు నన్ను ఒకరిద్దరు అధికారులు విసుక్కున్నారు. దానివల్ల నాకు నష్టమేమీ జరగలేదు.

ఆదిలక్ష్మి అడిగిన మొక్క

ఆదిలక్ష్మి కోలుకున్న ఏడాది నర్సరీకి వచ్చింది. ఒళ్లు పట్టి, నడకలో వేగం వచ్చింది. ఇంటి ముందు పెట్టుకుంటాను, అశోక మొక్క ఒకటి ఇవ్వమంది. తనకోసం దెబ్బతిన్న చెట్టు కదా, దాని పిల్లను తాను పెంచాలని ఉందంది. ఆ మాటకు ఎవరికైనా మనసు కరుగుతుంది. నాకూ కరిగింది. నర్సరీలో అప్పుడు నాలుగు మొక్కలున్నాయి కూడా.

కానీ వాళ్ల ఇల్లు నేను చూశాను. పాలిషింగ్ యూనిట్ల వెనక, రాతిబురద ఎండి తెల్లగా పేరుకున్న నేల. చెట్టన్నది లేదు, పగలంతా ఎండ. అశోకం అక్కడ ఒక్క ఎండాకాలం కూడా దాటదు. చచ్చిపోతే అది తన చేతివల్లే పోయిందని ఈ మనిషి జీవితాంతం బాధపడుతుంది.

"ఇవ్వలేనమ్మా. నీ వాకిట్లో బతకదు," అన్నాను.

ఆమె ముఖం చిన్నబోయింది. "నేను బాగా చూసుకుంటానండి," అంది.

నువ్వు చూసుకుంటావు, నేలే చూసుకోదు అని చెప్పి, కానుగ మొక్క చేతిలో పెట్టాను. అదీ ఆ కుటుంబంలోదే, అశోకానికి చుట్టమే అన్నాను. ఆమె నమ్మినట్టు లేదు. కానుగ రోడ్డు పక్కన ఎక్కడ చూసినా ఉండే చెట్టు. తీసుకుని వెళ్లిపోయింది. ఆ సాయంత్రమంతా నాకు మనసు బాగోలేదు. ఇచ్చేసి ఉంటే ఆ పూటకు ఇద్దరం సంతోషించేవాళ్లం.

రిటైరయ్యాక కిందటేడు మార్టూరు మీదుగా వెళుతూ, బస్సు దిగి వాళ్లింటికి వెళ్లాను. కోటయ్య డ్యూటీలో ఉన్నాడు. పెద్దకూతురు గుంటూరులో నర్సింగు చదువుతోందట. ఇంటి ముందు కానుగ పైకప్పు పెంకుల మీదికి గొడుగు పట్టింది. ఆ వీధిలో నీడ అంటే అదొక్కటే. దాని కింద గోనెపట్టాలు పరిచి, మిరపకాయలు కుప్ప పోసి, ఆరుగురు ఆడవాళ్లు తొడిమలు తీస్తున్నారు. ఎండకు ఎవరి ఇళ్లలోనూ కూర్చోలేక అందరూ ఇక్కడికే వస్తారని ఆదిలక్ష్మి చెప్పింది.

నన్ను చూసి ఒకావిడ జరిగి చోటిచ్చింది. ఆదిలక్ష్మి లోపలికి వెళ్లి పీట తెచ్చి వేసి, "చెట్టు మీరిచ్చిందే, కూర్చోండి," అంది.

కూర్చున్నాను. టీ వచ్చేలోగా ఊరికే ఉండలేక నేనూ గుప్పెడు కాయలు ముందుకు లాక్కున్నాను. ఆ రాత్రి దాకా వేళ్లు మండుతూనే ఉన్నాయి గానీ, ఆ చెట్టు కింద గాలి చల్లగా ఉంది. నా బస్సు వెళ్లిపోయింది. ఇంకోటి వస్తుందిలే అని లేవలేదు.